ఫ్లూ షాట్ తర్వాత ఎనిమిది నెలలుగా భుజం లేవడం లేదు, ఫార్మసీ మీద కేసు వేయొచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: డాలస్‌లో హెచ్-1బి మీద ఉంటున్నారు. పోయిన అక్టోబరులో ఫార్మసీలో ఒకే రోజు ఫ్లూ షాట్, కోవిడ్ షాట్ రెండూ వేయించుకున్నారు. ఆ రాత్రి నుంచే ఎడమ భుజం నొప్పి మొదలైంది, ఎనిమిది నెలలైనా చెయ్యి పూర్తిగా పైకి లేవడం లేదు, ఎమ్మారైలో బర్సైటిస్ (కీలు దగ్గరుండే బర్సా సంచి వాపు) అని వచ్చింది. కేసు ఫార్మసీ మీద వేయాలా, టీకా కంపెనీ మీద వేయాలా, లాయర్‌కి ఎంతవుతుంది, వీసాకి ఏమైనా ఇబ్బందా అని మీ టెన్షన్. చివర్లో మీ అత్తగారి సంగతి కూడా అడిగారు, దానికీ వస్తాను.

సూటిగా చెప్పాలంటే, పరిహారం అడగొచ్చు, కానీ ఫార్మసీ మీద కాదు, కంపెనీ మీదా కాదు. ఫ్లూ టీకా వల్ల జరిగిన దానికి అమెరికాలో ప్రత్యేకంగా ఒక దారి ఉంది, నేషనల్ వ్యాక్సిన్ ఇంజ్యూరీ కాంపెన్సేషన్ ప్రోగ్రామ్, అందరం వీఐసీపీ అంటాం. పిటిషన్ వాషింగ్టన్ డీసీలోని కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్‌లో వేస్తారు, ప్రతివాది ఫెడరల్ ఆరోగ్య శాఖ సెక్రటరీ. లాయర్ ఫీజు మీ జేబులోంచి పోదు. వీసా ఏదైనా ఫర్వాలేదు. అయితే మీ కేసు నిలబడుతుందా లేదా అన్నది ఒక్క కాగితం మీద ఉంది: ఆ రోజు ఏ టీకా ఏ చేతికి వేశారో రాసిన ఫార్మసీ రికార్డు. అది ఇంకా తెప్పించుకోలేదని రాశారు కాబట్టి ఇది చదవడం అయిపోగానే ముందు ఆ పని చూడండి.

నేను లాయర్ని కాను. ఇలాంటి కేసులు చూసే ఆఫీసులో పారాలీగల్‌ని. మెడికల్ రికార్డులు తెప్పించడం, చదవడం, ఏ తేదీన ఎవరు ఏం రాశారో వరుసగా పేర్చి లాయర్ ముందు పెట్టడం నా పని. కాబట్టి చట్టం మాట మీ లాయర్ దగ్గర ఖాయం చేసుకోండి, రికార్డుల మాట మాత్రం నా దగ్గర తీసుకోండి.

ముందు ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో. 1980లలో టీకా కంపెనీల మీద దావాలు ఎక్కువైపోయి, కొన్ని కంపెనీలు టీకాలు తయారుచేయడమే మానుకునే పరిస్థితి వచ్చింది. అప్పుడు 1986లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది, 1988 నుంచి ప్రోగ్రామ్ నడుస్తోంది. దీనికి డబ్బు టీకా మీద వేసే పన్ను నుంచి వస్తుంది, ఒక్కో డోసు మీద అది అడ్డుకునే ఒక్కో జబ్బుకి 75 సెంట్ల చొప్పున. మీరు వేయించుకున్న ఫ్లూ షాట్‌లో కూడా ఆ 75 సెంట్లు ఉన్నాయి. అందుకే మొహమాటపడాల్సిన పని లేదు, ఇది ఎవరి దయాధర్మం కాదు. ఇంకో సంగతి, ఇక్కడ ఎవరి తప్పో రుజువు చేయనక్కర్లేదు. సూది గుచ్చినమ్మాయి నిర్లక్ష్యంగా గుచ్చిందని నిరూపించే బాధ మీకు లేదు. దెబ్బ టీకా వల్ల తగిలిందని చూపిస్తే చాలు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఫ్లూ లాంటి, ఈ ప్రోగ్రామ్ కిందికి వచ్చే టీకాకి ముందు ఇక్కడికి రాకుండా ఫార్మసీ మీదో తయారీదారు మీదో 1,000 డాలర్లు దాటి దావా వేయడానికి చట్టం ఒప్పుకోదు. "స్మాల్ క్లెయిమ్స్‌లో (చిన్న మొత్తాల దావాలు చూసే కోర్టులో) పడేద్దాం, కనీసం ఫిజియో ఖర్చులైనా వస్తాయి" అని మీ ఫ్రెండ్ చెప్పిన సలహా అస్సలు వినకండి. అలాంటి దావా ఒకటి నడుస్తుండగా వీఐసీపీలో పిటిషన్ వేయడానికి వీల్లేదు, ఆ దావాలో రాజీపడి డబ్బు తీసేసుకుంటే ఈ దారి మూసుకుపోయినట్టే. ఫార్మసీ తరఫున ఎవరైనా ఫోన్ చేసి, ఏదో కొంత ఇస్తాం సంతకం పెట్టండి అన్నా లాయర్‌కి చూపించకుండా పెట్టొద్దు.

ఇక మీ భుజం సంగతి. దీన్ని సిర్వా అంటారు, టీకా వేసిన పద్ధతి వల్ల భుజానికి జరిగే గాయం. సూది డెల్టాయిడ్ అనే భుజం కండలోకి పోవాలి. మరీ పైన గుచ్చితే ఎముక కింద ఉండే బర్సా సంచిలోకో, కీలు చుట్టూ ఉన్న కణజాలంలోకో మందు పోయి అక్కడ వాపు పట్టుకుంటుంది. అక్టోబరులో ఫుల్ హ్యాండ్స్ స్వెటర్ వేసుకుని వెళ్తాం, చెయ్యి పైకి మడవడం కుదరక మెడ దగ్గర కాలర్ పక్కకి లాగి భుజం చూపిస్తాం, నిలబడి ఉన్న మనిషి కూర్చున్న మనిషికి పైనుంచి గుచ్చుతుంది. నేను చదివిన వాంగ్మూలాల్లో ఈ దృశ్యం ఎన్నిసార్లు వచ్చిందో. మీకు ఆ రోజు ఎలా వేశారో గుర్తుంటే ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

2017లో సిర్వాని వ్యాక్సిన్ ఇంజ్యూరీ టేబుల్ అనే పట్టికలో చేర్చారు. 2021 జనవరిలో తీసేయాలని ఒక రూల్ తెచ్చారు గానీ అది అమల్లోకి రాకుండానే ఏప్రిల్‌లో వెనక్కి తీసుకున్నారు. ఆ పట్టికలో ఉంటే లాభమేంటంటే, వాళ్లు పెట్టిన షరతులకి మీ కేసు సరిపోతే టీకా వల్లే వచ్చిందని చట్టమే అనుకుంటుంది, మీరు డాక్టర్లని తెచ్చి సిద్ధాంతాలు చెప్పించనక్కర్లేదు. షరతులు నాలుగు: ఆ భుజానికి అంతకుముందు దీన్ని వివరించగలిగే నొప్పిగానీ వాపుగానీ ఉండకూడదు, నొప్పి 48 గంటల్లోపు మొదలవ్వాలి, నొప్పీ చెయ్యి తిప్పలేకపోవడం టీకా వేసిన భుజానికే పరిమితమవ్వాలి, ఇంకో జబ్బేదీ దీనికి కారణంగా కనిపించకూడదు. వీటికి తోడు బాధ ఆరు నెలలకి మించి ఉండాలి, లేదా ఆసుపత్రిలో చేరి ఆపరేషన్ దాకా వెళ్లి ఉండాలి. మీది ఎనిమిది నెలలు కాబట్టి ఇది దాటినట్టే, రికార్డు అలా చూపిస్తే.

"రికార్డు అలా చూపిస్తే" అని ఎందుకన్నానంటే, మీరు ఫిజియోథెరపీ రెండు నెలలు చేసి కోపే (ఇన్సూరెన్స్ ఉన్నా ప్రతిసారీ మన చేతినుంచి కట్టే వాటా) భరించలేక మానేశానని రాశారు. మనవాళ్లు అందరూ చేసే పనే ఇది, వారానికి రెండుసార్లు అంతేసి కట్టడం మాటలా. కానీ మీరు మానేశాక ఆ క్లినిక్ వాళ్లు ఒక డిశ్చార్జ్ నోట్ రాస్తారు. "పేషెంట్ మళ్లీ రాలేదు, లక్ష్యాలు చేరుకున్నారు, ఇంటి వ్యాయామాలకు పంపించాం" అని. మీరు దాన్ని ఎప్పుడూ చూసి ఉండరు. అవతలి పక్క, అంటే ప్రభుత్వం తరఫు, డాక్టర్ మాత్రం మొదట చూసేది దాన్నే, అప్పటికే తగ్గిపోయింది చూడండి అంటాడు. అందుకే నొప్పి ఇంకా ఉంటే ఈ వారంలోనే మీ డాక్టర్ దగ్గరికి వెళ్లి, చెయ్యి ఎంతవరకు లేస్తోందో కొలిపించి, ఫిజియో ఎందుకు ఆపారో కూడా రాయించుకోండి. డబ్బుల వల్ల ఆపాను అని చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు.

ఇప్పుడు ఆ ఫార్మసీ కాగితం. అందులో ప్రతి టీకాకి ఎదురుగా పేరు, లాట్ నంబరు, తేదీ, వేసిన చోటు ఉంటాయి. చోటు దగ్గర ఎడమ డెల్టాయిడ్ లేదా కుడి డెల్టాయిడ్ అని పొట్టి అక్షరాల్లో ఉంటుంది. చిక్కేంటంటే చాలాచోట్ల అది కంప్యూటర్లో టీకా వేయకముందే నింపేస్తారు, మనం కుర్చీలో కూర్చున్నాక "ఎడమ చేతికి వేయండి, నాది కుడి చేతి వాటం" అంటాం, చెయ్యి మారుతుంది, కంప్యూటర్ మారదు. మీ రికార్డులో ఫ్లూ ఎడమ అని ఉంటే మీ కేసు శుభ్రంగా ఉంది. ఫ్లూ కుడి, కోవిడ్ ఎడమ అని ఉంటే, కథ మొత్తం మారిపోతుంది, ఎందుకంటే కోవిడ్ టీకా వీఐసీపీలో లేదు. రెండూ ఎడమ చేతికే వేశారంటే కేసు చిక్కుపడుతుంది, పోయినట్టు కాదు, అది లాయర్ కూర్చుని చూడాల్సిన విషయం. రికార్డు తప్పుగా ఉన్నా నిరాశపడొద్దు. తర్వాత మీరు వెళ్లిన ప్రతి డాక్టర్ దగ్గరా "ఎడమ చేతికి ఫ్లూ షాట్ వేశాక" అని ఒకే మాట పడి ఉంటే, కంప్యూటర్లో ముందే నింపిన ఆ ఒక్క గడి కంటే దాన్నే నమ్మిన తీర్పులు ఉన్నాయి.

కోవిడ్ టీకాది వేరే దారి, దాని గడువు ఒక్క ఏడాదే. దాన్ని సీఐసీపీ అంటారు. అది కోర్టు కాదు, ఆరోగ్య శాఖ ఆఫీసులోనే దరఖాస్తు చూస్తారు. టీకా వేసిన రోజు నుంచి సంవత్సరంలోపు ఫారం పంపాలి. నొప్పి మొదలైన రోజు నుంచి కాదు, టీకా వేసిన రోజు నుంచి. అంటే మీకు ఈ అక్టోబరు దాకానే టైముంది. అందులో నొప్పికీ బాధకీ డబ్బివ్వరు, లాయర్ ఫీజు ఇవ్వరు, కాదంటే పైకోర్టుకి వెళ్లే వీలు లేదు, ఇన్సూరెన్స్ వగైరా ఇచ్చినవన్నీ పోగా మిగిలిన వైద్య ఖర్చులు, పోయిన జీతంలో కొంత మాత్రమే. కోవిడ్ టీకాల మీద వేల దరఖాస్తులు పడ్డాయి, డబ్బు చేతికందినవాళ్లు పదుల్లోనే ఉన్నారు. నా వ్యక్తిగత అభిప్రాయం అడిగితే అది పేరుకే పరిహారం. అయినా మీ ఫార్మసీ రికార్డులో చేతులు తారుమారై ఉంటే, ఆ ఫారం కూడా ముందు పంపించేసి రికార్డులు తర్వాత జతచేయండి. పోయేదేమీ లేదు.

వీఐసీపీకి మాత్రం మొదటి లక్షణం కనిపించిన రోజు నుంచి మూడేళ్లు గడువు. ఇందులో కూడా ఒక మెలిక ఉంది. "టీకా వల్లే అని నాకు నిన్ననే తెలిసింది" అంటే కుదరదు, మీకు తెలిసినా తెలియకపోయినా లెక్క మొదటి నొప్పి నుంచే. రెండేళ్ల పదకొండు నెలలకి ఫోన్ చేసేవాళ్లుంటారు, వాళ్ల రికార్డులు తెప్పించేలోపే గడువు దాటిపోతుంది. ఇంకా ఒకటి, వేర్స్‌లో రిపోర్ట్ చేశాను కాబట్టి క్లెయిమ్ వేసినట్టే అని మీరనుకుంటున్నట్టుంది. కాదు. వేర్స్ అనేది టీకాల భద్రత మీద నిఘా కోసం పెట్టిన వ్యవస్థ, దానికీ పరిహారానికీ సంబంధం లేదు, అక్కడ రాసినంతమాత్రాన గడువు ఆగదు.

నొప్పి 48 గంటల్లో మొదలైందని ఎలా చూపించాలి? మీరు మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లింది డిసెంబరులో. ఇంజెక్షన్ నొప్పి, అదే తగ్గిపోతుందిలే అనుకుంటాం, ఎవరైనా అదే అనుకుంటారు, ఫార్మసీవాళ్లు కూడా అదే చెప్పి పంపిస్తారు. రెండు నెలల ఆలస్యం వల్ల కేసు పోదు. కానీ ఆ మొదటి డాక్టర్ నోట్‌లో ఏం రాసిందన్నది ముఖ్యం. "అక్టోబరులో ఫ్లూ షాట్ దగ్గర్నుంచి" అని ఉంటే బంగారం. "కొన్ని వారాలుగా భుజం నొప్పి, దెబ్బేమీ తగల్లేదు" అని ఉంటే మనం ఇంకా సాక్ష్యం తేవాలి. అదెక్కడ దొరుకుతుందంటే, ఆ వారంలో మీరు పంపిన మెసేజీల్లో. ఒక కేసులో అతను టీకా వేయించుకున్న మర్నాడు రాత్రి పదకొండింటికి ఊళ్లో ఉన్న అక్కకి "చెయ్యి పీకేస్తోందే, ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నా" అని వాట్సాప్ పెట్టాడు. ఇంగ్లీషు అనువాదం జతచేసి దాన్నే పెట్టాం. మీ ఆవిడ వాంగ్మూలం కూడా పనికొస్తుంది, కానీ "చాలా బాధపడ్డారండీ" అని రాస్తే దండగ. పాపని కార్ సీట్‌లో ఎత్తి కూర్చోబెట్టడం ఎప్పటినుంచి తను చేస్తోంది, పై అరలో డబ్బాలు ఎవరు తీస్తున్నారు, చొక్కా వేసుకునేటప్పుడు ఏ చెయ్యి ముందు దూరుస్తున్నారు, అలాంటివి రాయాలి. ఒక్కటి గుర్తుంచుకోండి, మెడికల్ రికార్డుగానీ డాక్టర్ అభిప్రాయంగానీ ఏదీ లేకుండా కేవలం మీ మాట మీద పరిహారం ఇవ్వకూడదని చట్టంలోనే ఉంది.

మనవాళ్ల కేసుల్లో తరచూ అడ్డొచ్చేవి రెండు. మొదటిది షుగర్. షుగర్ ఉన్నవాళ్లకి ఫ్రోజెన్ షోల్డర్ (భుజం బిగుసుకుపోవడం) దానంతటదే రావడం మామూలే, కాబట్టి ప్రభుత్వం తరఫున రికార్డులు చదివే డాక్టర్ ముందు మీ ఏ1సీ (షుగర్ రక్తపరీక్ష ఫలితం) వెతుకుతాడు. షుగర్ ఉంటే కేసు ఉండదని కాదు, నొప్పి టీకా రోజునే మొదలైందన్న రుజువు మరింత గట్టిగా ఉండాలి. రెండోది మెడ. రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చునే జనం, మెడ నొప్పి ఎప్పుడో ఒకప్పుడు డాక్టర్‌కి చెప్పే ఉంటాం. ఫిజియో మొదటి రోజు మనిషి బొమ్మ ఇచ్చి ఎక్కడ నొప్పో గీయమంటారు కదా, అక్కడ మెడ నుంచి వేళ్ల దాకా గీత లాగేస్తారు కొందరు. ఆ బొమ్మ కేసు ఫైల్లోకి వస్తుంది, "నొప్పి భుజానికే పరిమితం కాలేదు" అని దానికి కింద ఒక వాక్యం వస్తుంది. లేనిది చెప్పొద్దు, ఉన్నదానికి మించి కూడా చెప్పొద్దు. టీకాకి ముందు మూడేళ్ల రికార్డులు ఎలాగూ అడుగుతారు కాబట్టి పాత భుజం నొప్పి ఏదైనా ఉంటే లాయర్‌తో మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి.

ఇండియా వెళ్లి చూపించుకుంటే ఆ రికార్డులు చెల్లుతాయా అని చాలామందికి సందేహం. చెల్లుతాయి, కానీ మన ఓపీ చీటీలు వీళ్లకి అర్థం కావు. ఖమ్మం వైపు పెద్దాయన ఒకరు కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడ అక్టోబరులో ఫ్లూ షాట్ వేయించుకుని, డిసెంబరులో ఊరెళ్లి ఆర్థోపెడిక్‌కి చూపించుకున్నారు. చీటీలో ఎడమ భుజం నొప్పి, పక్కన 2/12 అని ఉంది. మన డాక్టర్లకి అది రెండు నెలలుగా అని. ఇక్కడివాళ్లకి 2/12 అంటే ఫిబ్రవరి 12. టీకా వేయించుకోకముందు ఫిబ్రవరి నుంచే నొప్పి ఉందని అవతలివాళ్ల రిపోర్టులో వచ్చేసింది. ఆ డాక్టర్‌గారి దగ్గర లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు రాయించి తెప్పిస్తేగానీ అది వదల్లేదు. కాబట్టి ఇండియాలో చూపించుకుంటే నొప్పి ఎప్పుడు, దేని తర్వాత మొదలైందో తేదీతో టైపు చేయించి తెచ్చుకోండి, ఎమ్మారై ఫిల్ములు ఒక్కటే కాదు రిపోర్టు కూడా.

డబ్బు సంగతి. నొప్పికీ బాధకీ గరిష్ఠంగా 2,50,000 డాలర్లు అని చట్టం గీత గీసింది. అందరికీ అంత వస్తుందనుకోకండి, ఆపరేషన్ లేని భుజం కేసుల్లో వచ్చేది ఎక్కువగా లక్ష లోపే. దానికి తోడు ఇన్సూరెన్స్ పోగా మీ చేతినుంచి పెట్టిన ఖర్చు, పోయిన జీతం. కాబట్టి కోపే రశీదులు దాచండి. సెలవులు ఏవి దీనికోసం వాడారో హెచ్ఆర్ నుంచి తీసిపెట్టుకోండి.

లాయర్ ఫీజు ప్రోగ్రామే విడిగా ఇస్తుంది. కేసు ఓడిపోయినా, మంచి నమ్మకంతో, తగిన ఆధారంతో వేసిందైతే ఇస్తుంది. మీకొచ్చిన దాంట్లోంచి మూడో వంతు నాది అని ఏ లాయరైనా అంటే ఫోన్ పెట్టేయండి, ఈ కేసుల్లో అలా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. పిటిషన్ ఫీజు 400 డాలర్ల చిల్లర, అది కూడా సాధారణంగా తిరిగొస్తుంది. లాయర్ టెక్సాస్‌లోనే ఉండక్కర్లేదు, ఆ ఫెడరల్ కోర్టులో వాదించే అనుమతి ఉంటే ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. కోర్టు వెబ్‌సైట్లోనే వ్యాక్సిన్ లాయర్ల జాబితా పెట్టారు. కారు యాక్సిడెంట్ల హోర్డింగ్ లాయర్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి, వాళ్లలో చాలామందికి ఈ కోర్టు గుమ్మం తెలియదు. రెండు మూడేళ్లు పట్టడం మామూలే. కోర్టుకెళ్లి బోనెక్కాల్సి వస్తుందని భయం వద్దు, చాలా కేసులు కాగితాల మీదే, ఇరుపక్షాల ఒప్పందంతోనే ముగుస్తాయి.

వీసా విషయం: టీకా అమెరికాలో వేయించుకుని ఉంటే చాలు, పౌరసత్వం అడగరు. ఇది మీరు పనిచేసే కంపెనీ మీద కేసు కాదు, ఫార్మసీ అమ్మాయి ఉద్యోగానికీ సంబంధం లేదు. కాకపోతే తీర్పులు కోర్టు వెబ్‌సైట్లో పేరుతో సహా పెడతారు, రేపు ఎవరైనా మీ పేరు కొట్టి వెతికితే వస్తుంది. అది ఇష్టం లేకపోతే తీర్పొచ్చిన 14 రోజుల్లోపు పేరు బదులు పొడి అక్షరాలు పెట్టమని అడగొచ్చు, ఈ సంగతి లాయర్‌తో ముందే చెప్పి ఉంచండి.

ఇక మీ అత్తగారు. విజిటర్ వీసా మీద వచ్చినా ఇక్కడ వేయించుకున్న టీకాకి ఆవిడ కూడా పిటిషన్ వేయొచ్చు, తిరిగి విజయవాడ వెళ్లిపోయినా సరే. కానీ ఆవిడ వేయించుకున్నది షింగిల్స్ టీకా అన్నారు. అది వీఐసీపీ జాబితాలో లేదు. ఆ జాబితాలో ఉన్నవి పిల్లలకీ గర్భిణులకీ మామూలుగా వేయమనే టీకాలు: ఫ్లూ, ఎమ్మెమ్మార్, టీడాప్, హెపటైటిస్ ఎ, బి లాంటివి. ఇండియా ప్రయాణానికి ముందు ట్రావెల్ క్లినిక్‌లో వేసే టైఫాయిడ్ కూడా లేదు. పక్కనే అదే రోజు వేసే హెపటైటిస్ ఎ మాత్రం ఉంది. షింగిల్స్ టీకా వల్ల భుజం పోతే మామూలు దావాయే దారి, రాష్ట్ర చట్టం కింద, ఫార్మసీ నిర్లక్ష్యం రుజువు చేసి. టెక్సాస్‌లో దానికి గడువు రెండేళ్లు. డాక్టర్ల నిపుణ నివేదిక కేసు మొదట్లోనే పెట్టాలి, ఖర్చు ఎక్కువ, చిన్న గాయానికి లాయర్లు ముందుకు రారు. ఆవిడకి అదే రోజు ఫ్లూ కూడా వేశారా అన్నది మీరు రాయలేదు. వేసి ఉంటే ఆవిడ రికార్డు కూడా మీదానితో పాటే తెప్పించి, ఏది ఏ చేతికో చూసి మళ్లీ ఇక్కడే రాయండి.